పెరటాసి నెలలో గొర్రె క్లోమం కోసం

తిరుపతి వెళ్లి వచ్చానని చెబితే అందరూ ముందు నా తల వైపు చూశారు, తర్వాత చేతుల వైపు చూశారు. గుండూ లేదు, లడ్డూ లేదు. "దర్శనం కాలేదా పాపం" అని జాలిపడ్డారు. నేను అసలు కొండెక్కలేదు. ఆరు రోజులు కొండ కిందే ఉండి గొర్రె క్లోమం కోసం తిరిగాను. ఈ మాట చెప్పాక మా స్టాఫ్ రూములో ఎవరూ రెండో ప్రశ్న వేయలేదు. అందుకే రాసి పెడుతున్నాను. ఆ వైపు వెళ్లనివాళ్లకు, వెళ్లినా కొండ మాత్రమే చూసి వచ్చినవాళ్లకు పనికొస్తుందని నా ఆశ.

నేను తుని దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతాను. ఏడేళ్లుగా, సెలవు రోజుల్లో, పీహెచ్‌డీ చేస్తున్నాను. విషయం కాల్షియంను పట్టుకునే ఒక ప్రోటీను. పేరు సెక్రెటగాగిన్. మెదడులో కొన్ని నాడీకణాల్లో ఉంటుంది, హార్మోన్లు వదిలే కణాల్లోనూ ఉంటుంది. ఎలుక క్లోమంలో అది ఎక్కడుందో చూపించాను. నా పని పరీక్షించే పెద్దలు చూసి, "ఎలుక సరేనమ్మా, ఇంకో జంతువులో?" అన్నారు. గొర్రె అని నోరు జారాను. గడువు అక్టోబరు నెలాఖరు. అది దాటితే నా రిజిస్ట్రేషన్ రద్దవుతుంది, ఏడేళ్లూ కాగితాలై బీరువాలో ఉండిపోతాయి.

కావలసిన మైక్రోస్కోపు తిరుపతిలోని ఒక విశ్వవిద్యాలయంలో దొరికింది. మంగళవారం మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా నాది. అది పోతే మళ్లీ మూడు నెలలకు. గొర్రె సంగతి నేను పెద్దగా ఆలోచించలేదు. మాంసం కొట్టు లేని ఊరుంటుందా? ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకున్నాను. మా వైపు కార్తీకమాసంలో సగం మంది నీసు ముట్టరు, కొట్లకు బేరం ఉండదు. కార్తీకం రాకముందే వెళ్లిపోవాలని, ఎంతో తెలివిగా, అక్టోబరు మొదటి వారానికి టికెట్టు తీసుకున్నాను.

రైల్లో ఫ్లాస్కు

ఆంటీబాడీ అనే పదార్థం ఒకటి ఉంటుంది. ఈ ప్రోటీను ఎక్కడుందో వెతుక్కుంటూ వెళ్లి దానికి అతుక్కుంటుంది. దాని మీద రంగు ఎక్కిస్తే మైక్రోస్కోపు కింద పచ్చగా వెలుగుతుంది. నా దగ్గరున్నది చిటికెనవేలంత సీసాలో అడుగున కొద్దిగా. అది చల్లగా ఉండాలి. ఐసు ముక్కలు వేసిన ఫ్లాస్కులో పెట్టి, ఫ్లాస్కును ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎదుటి సీటులో రేణిగుంట వెళ్లే పెద్దావిడ నెల్లూరు దాకా ఓర్చుకుంది.

"దాంట్లో ఏముండాదమ్మా, కాఫీనా?"

"కాదండి. కుందేలు రక్తం నుంచి తీసిన మందు."

ఆవిడ కొంచెం ఆలోచించింది. "సక్కెర ఏసినారా?"

"లేదండి."

"మంచి పని. ఏదైనా సక్కెర లేకుండానే తాగాల," అని, ఈ విషయం ఇంతటితో తేలిందన్నట్టు కళ్లు మూసుకుంది. దిగేటప్పుడు నాకు రెండు అరటిపళ్లు ఇచ్చి, ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పి వెళ్లింది.

తిరుపతి, మూసిన కొట్లు

మైక్రోస్కోపు చూసుకునే ఆయన పేరు రంగాచారి. వాళ్ల ఇల్లంతా గుడి సేవలోనూ బడి ఉద్యోగాల్లోనూ ఉన్నవాళ్లు. అన్నగారు ఒక గుడిలో కైంకర్యం చేస్తారు, నాయన సంస్కృతం మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఈయన మాత్రం ఇరవై ఏళ్లుగా జంతువుల మెదళ్లూ కాలేయాలూ వెంట్రుక మందంలో పదోవంతుకు పొరలు పొరలుగా కోస్తున్నారు. ఉల్లిపాయ ముట్టరు.

"రండి మేడం. క్లోమం తెచ్చినారా?"

"ఇక్కడే తాజాగా తీసుకుందామని. ఊళ్లో మాంసం కొట్లుంటాయి కదండీ."

ఆయన గోడ మీది క్యాలెండరు వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు. "పెరటాసి గదా మేడం."

"అంటే?"

"అంటే పెరటాసి." ఇంతకన్నా విడమరచి చెప్పాల్సి వస్తుందని ఆయన ఎప్పుడూ అనుకున్నట్టు లేదు. "అరవోళ్ల నెల. సెప్టెంబరు మధ్యలో వచ్చి అక్టోబరు మధ్యలో పోతాది. స్వామివారి నెల. ఈ నెల్లో ఇండ్లల్లో నీసు వండరు. మా ఇంట్లో ఎప్పుడూ వండరు, అది వేరే సంగతి. ఊరంతా మానేస్తారు."

"మీరు ఫోనులో చెప్పలేదే?"

"చెప్పేదానికేముండాది మేడం, క్యాలెండర్లో ఉండాది గదా."

మా ఇంటి క్యాలెండరు రాజమండ్రిలో అచ్చయింది. దాంట్లో వర్జ్యాలున్నాయి, రాహుకాలాలున్నాయి, పురుగుమందుల ప్రకటన ఉంది. పెరటాసి లేదు. కార్తీకాన్ని తప్పించుకుందామని పరుగెత్తి సరిగ్గా ఇంకో కార్తీకంలోకి వచ్చి పడ్డానన్నమాట. ఒక్క రాష్ట్రం, ఒక్క భాష, ఉపవాసం నెలలు మాత్రం వేరు.

ఆ సాయంత్రమంతా ఆటోలో తిరిగాను. కొట్ల షట్టర్లు దించి ఉన్నాయి. ఒకదాని మీద సుద్దముక్కతో "పెరటాసి సెలవు, గోవిందా" అని రాసి ఉంది. తెరిచినవి రెండో మూడో కనిపించాయి కానీ, బేరం లేక రెండు రోజులకొక జీవాన్ని తెల్లవారకముందే కోసి అమ్ముకుంటున్నారు. అది నాకు పనికిరాదు. క్లోమానికి ఒక దుర్గుణం ఉంది. మనం తిన్నది అరిగించే రసాలన్నీ దాంట్లోనే తయారవుతాయి. ప్రాణం పోయిన కాసేపటికే అది తనను తాను అరిగించుకోవడం మొదలుపెడుతుంది. కోసిన పది నిమిషాల్లోపు చిన్న చిన్న ముక్కలు చేసి, కణాలను ఉన్నవి ఉన్నట్టు నిలబెట్టే ద్రావణంలో వేసి ఐసులో పెట్టాలి. అంటే కోసేచోట నేను ఉండాలి. ఆ కొట్లవాళ్లు దానికి ఒప్పుకోలేదు.

ఆకలికి ఒక హోటల్లో రెండు ఇడ్లీలు తిన్నాను. ముప్పై ఐదు రూపాయలు. మా వైపు సాంబారులో బెల్లం వేస్తారు. ఇక్కడ వేయరు. సర్వరు ఇడ్లీ మీద కారప్పొడి చల్లి, గుంట చేసి నెయ్యి పోశాడు. చాలు అన్నాను. ఇంకో చెంచా పోశాడు. గదికి వచ్చి సీసాకు ఐసు మార్చి పడుకున్నాను.

చిత్తూరు, అరటి గెలలు

రంగాచారి గారికి ఒక సంగతి గుర్తొచ్చింది. ఎప్పుడో ఒక విద్యార్థికి చిత్తూరులో మునిరత్నం అనే ఆయన మేక మెదళ్లు జాగ్రత్తగా తీసి ఇచ్చేవాడట. శుక్రవారం పొద్దున చిత్తూరు బస్సెక్కాను.

కొట్టు సులువుగానే దొరికింది. మాంసం వేలాడదీసే ఇనుప కొక్కేలకు అరటి గెలలు వేలాడుతున్నాయి. మొద్దు మీద మాంసం బదులు తమలపాకులు. కింద కొబ్బరికాయల గుట్ట. గుట్ట వెనక నలభై అయిదేళ్ల మనిషి, నుదుట నిలువు నామం, మెడలో తులసి పూసలు, కొయ్య దుంగల్లాంటి చేతులు.

"మటన్ కొట్టు ఇదేనాండీ?"

"పెరటాసి పోతే ఇదే మేడమా. ఇప్పుడు టెంకాయలు. ఎన్ని కావాల?"

నాలుగు అన్నాను. ఊరికే మాట్లాడితే బాగుండదనిపించింది. నాలుగూ సంచిలో వేశాక వచ్చిన పని చెప్పాను. ఆయన మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు.

"పేగుల పక్కన తెల్లంగా, మెత్తంగా ఉంటాదే, అదా? దాన్ని ఎవురూ అడగరు గదా! మేము కుక్కలకేస్తాము."

"అదే."

"అదెందుకు మేడమా?"

"అది చేసే ఇన్సులిన్ ఎలా బయటికొస్తుందో చూడడానికి."

ఆయన గెడ్డం గోక్కున్నాడు. "ఆదివారం ఒక పని ఒప్పుకుని ఉండాను. కాణిపాకం దాటినాక ఒక ఊర్లో యోహానన్న అని, బెల్లం వండుతాడు. ఆయప్ప కోడలు సక్కెర జబ్బుతో సావు దాకా పోయి వచ్చింది. దానికని కృతజ్ఞత కూడిక పెట్టుకునినారు. రెండు పొట్టేళ్లు మొక్కినారు. కిరస్తానపోళ్లు గదా, వాళ్లకు పెరటాసి లేదు."

"మీకు ఉంది కదండీ?"

"నాకుండాది. పొట్టేలుకి లేదు గదా." చాలా మామూలుగా అన్నాడు. "నామం తుడిచేసి కోస్తాను. తానం చేసి మళ్లీ పెట్టుకుంటాను. తినేది మాత్రం తినను. మాట ఇచ్చినాక పోవాల గదా మేడమా."

ఆ ఇంటివాళ్లకు నేను వస్తున్నట్టు చెబుతానని, ఆదివారం ఏడు గంటలకు కాణిపాకం బస్టాండులో ఉండమని చెప్పాడు. కొబ్బరికాయలు మోసుకుంటూ బయటికి వచ్చేసరికి నాకు ప్రాణం లేచి వచ్చింది.

ఎదురుగా ఒక మెస్సు. బోర్డు మీద "నాటుకోడి పులుసు" అనే అక్షరాల మీద తెల్ల కాగితం అంటించి "ఊరుబిండి" అని రాశారు. రాగిసంకటి, వేరుశెనగలు నూరిన పచ్చడి ఊరుబిండి, ఎనభై రూపాయలు. సంకటి ముద్దను నేను అన్నంలాగా నములుతుంటే, వడ్డించే ఆవిడ నా పక్కనే నిలబడి చూసింది.

"నమలకూడదమ్మా. మింగాల."

మింగాను. సగం దారిలో ఆగింది. ఆవిడ నీళ్లు తెచ్చి ఇచ్చి, వీపు మీద చరిచి, "మీది యావూరు?" అంది. తుని అన్నాను. "అదా సంగతి," అని పక్క బల్ల దగ్గరికి వెళ్లింది.

తిరుచానూరు, శనివారం

శనివారం ఎవరూ ఏదీ కోయరు. ఐసు సంగతి చూసుకుందామనుకున్నాను. ల్యాబులో ఐసు మిషను ఉంది, అది చాలాకాలంగా "రేపు" బాగవుతోంది. రంగాచారి గారు నన్ను తిరుచానూరు పంపారు. అమ్మవారి గుడి దగ్గర పూలు అమ్మేవాళ్లు తామరమొగ్గలను థర్మోకోల్ పెట్టెల్లో ఐసు వేసి దాచుకుంటారట.

దారంతా గోవింద నామాలు. పెరటాసి శనివారాల్లో ఇంటింటికీ తిరిగి బియ్యం అడుక్కుంటామని మొక్కుకునేవాళ్లుంటారు. ఆ బియ్యం వండి దేవుడికి పెడతారు. ఇస్త్రీ చొక్కా, చేతికి మంచి గడియారం ఉన్న ఒక పెద్దమనిషి నామం పెట్టుకుని, ఇత్తడి చెంబు పట్టుకుని లాడ్జీ మెట్ల దగ్గర "గోవిందా" అని నిలబడ్డాడు. మా వైపు ఇలాంటి మనిషి అడుక్కుంటుంటే పదిమంది చేరి ఏమైందని అడుగుతారు. ఇక్కడ లాడ్జీ గుమాస్తా లేచి, దోసెడు బియ్యం పోసి, మళ్లీ కూర్చుని రసీదు రాసుకున్నాడు.

పూలామె పెట్టె నిండా ఐసు కొట్టించి, గోనెపట్టా చుట్టి, రేపు సాయంత్రం దాకా ఉంటుందని హామీ ఇచ్చింది. "ఏం పెడతావమ్మా దీంట్లో?" అంది. గుడి గోపురం ఎదురుగా కనబడుతుంటే గొర్రె పేగులని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మందు అన్నాను. ఆమె రెండు తామరమొగ్గలు ఐసు మీద పడుకోబెట్టి, "అమ్మోరి పూలు. మందు బాగా పనిసేస్తాది," అని మూత పెట్టింది. పూలకు డబ్బు తీసుకోలేదు.

కాణిపాకం దాటాక

మునిరత్నం బండి వెనక థర్మోకోల్ పెట్టె ఒళ్లో పెట్టుకుని చెరుకు తోటల మధ్య వెళ్లాను. యోహాను గారింటి ముందు షామియానా వేశారు. ఇంటి వెనక బెల్లం వండే పెనం ఉంది. గాలిలో కూడా తీపి వాసన. ఆ ఇంట్లో చక్కెర జబ్బు మనిషి బతకాలి.

ఇల్లు నడిపేది యోహాను గారి భార్య రత్నమ్మ. వందనాలు చెప్పి, కాఫీ ఇచ్చి, పేగులు తీసుకుపోవడానికి ఇంత దూరం వచ్చిన లెక్చరర్ని పైనుంచి కింది దాకా చూసింది. కోడలు కరుణ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఇరవై ఆరేళ్లుంటాయి. అంగన్‌వాడీలో పనిచేస్తుంది. ఎండాకాలంలో ఒకరోజు దాహం దాహమని పడిపోయిందట. మూడు వారాలు ఆసుపత్రిలో ఉండి వచ్చింది. ఇప్పుడు రోజుకు నాలుగు సూదులు.

పాస్టరుగారు కొట్టం ముందు నిలబడి ప్రార్థన చేశారు. కరుణ పేరు, ఆసుపత్రి పేరు, డాక్టర్లందరి పేర్లు వచ్చాయి. మునిరత్నం తువ్వాలుతో నామం తుడుచుకుని మొదటి పొట్టేలును కోశాడు. నేను ద్రావణం సీసా మూత తిప్పుతున్నాను. మూత బిగుసుకుపోయింది. తిరిగి చూసేసరికి ఆయన చేతులు ఇరవై ఏళ్ల అలవాటు ప్రకారం పని చేసుకుపోయాయి. పేగులు ఒక పక్క, తెల్లటి మెత్తటి ముక్క ఇంకో పక్క. ఆ పక్కనే ఉన్న కుక్క అప్పటికే మూతి నాకుతోంది.

"అయ్యో," అన్నాడు మునిరత్నం. "అలవాటు మేడమా. ఏం కాదులే, ఇంకోటి ఉండాది గదా."

అప్పుడు రత్నమ్మ వచ్చింది. "మునిరత్నమా, ఇంక సాలు. రెండోది కోయొద్దు."

"ఏమక్కా?"

"పిలిచినోళ్లల్లో సగం మంది పెరటాసి. వాళ్లకు పప్పూ సారే. రెండు కోస్తే ఎవురు తింటారు? క్రిస్మస్‌కి సూద్దాము."

నా ఏడేళ్లూ కొట్టంలో గుంజకు కట్టేసి ఉన్నాయి, వేరుశెనగ ఆకు నములుతూ.  ఏం చేయాలో తెలియక, దాని ఖరీదు నేను ఇస్తానని అనేశాను.

రత్నమ్మ ముఖం మారిపోయింది. "దేవునికి మొక్కిందాన్ని అమ్ముతారామ్మా యాడన్నా?"

అంతకన్నా సిగ్గుపడిన సందర్భం నాకు గుర్తులేదు. క్షమించమన్నాను. పెట్టె ఎత్తుకుని వెళ్లిపోదామనుకుంటుండగా కరుణ గుమ్మంలోంచి పిలిచింది.

"అక్కా, దాంతో మీరు ఏం సేస్తారు?"

చెప్పాను. ఇన్సులిన్ చేసే కణం దాన్ని ముందే చిన్న చిన్న సంచుల్లో నింపి గోడ పక్కన సిద్ధంగా పెట్టుకుంటుంది. కొండ మీద దర్శనానికి వచ్చినవాళ్లను గదుల్లో కూర్చోబెడతారు చూడు, అలాగ. మనం తినగానే రక్తంలో చక్కెర పెరుగుతుంది. అప్పుడు కణంలోకి కాల్షియం వస్తుంది. అదే గంట. ఆ గంట విని తలుపు తీయమని చెప్పేవాళ్లు లోపల కొందరున్నారు. నేను చదివే ప్రోటీను వాళ్లలో ఒకటి. మెదడులో కూడా కొన్నిచోట్ల ఉంటుంది. గొర్రెలో ఎక్కడుందో నేను చూపించాలి.

"నాకు ఏది లేదు? గంటా, ఇనేవాళ్లా, తలుపా?"

"నీకు ఆ గదులే పోయాయమ్మా. ఇన్సులిన్ చేసే కణాలే చచ్చిపోయాయి."

రత్నమ్మ గట్టిగా ఊపిరి పీల్చింది. ఇంకా మెత్తగా చెప్పి ఉండాల్సింది. పాఠం చెప్పే అలవాటు నాది.

"మీరు సూస్తే నాకు మందు దొరుకుతాదా?"

"లేదు."

"ఎప్పుడన్నా?"

"నా వల్ల కాదు. ఎవరి వల్లయినా కావచ్చు, నాకు తెలియదు."

"మరి ఎందుకు సూసేది?"

"ఎలా పనిచేస్తుందో తెలియాలి కదా."

 కరుణ అత్త వైపు తిరిగింది. "మూడు వారాలుంటిని ఆసుపత్రిలో. సూది ఎట్ల పొడుసుకోవాలో సెప్పినారు, ఏం తినకూడదో సెప్పినారు. లోపల ఏం పోయిందో ఎవురూ సెప్పలేదు. ఈయమ్మ సెప్పింది." కుర్చీలోంచి లేచింది. "అత్తా, మొక్కింది నా పేరు మీదే గదా?"

"నీ పేరు మీదే."

"ఎన్ని మొక్కినావు?"

రత్నమ్మ కొట్టం వైపు చూసింది.

"రెండు మొక్కినావు. కోయమను. మిగిలిన కూర దిగువ వీధిలో పంచుదాము, వాళ్లకు పెరటాసి లేదు." నా వైపు చూసి, "నాకు సూపియ్యాల అక్కా. మంగళారం నేను ఆసుపత్రికని తిరుపతికే వస్తాను," అంది.

రత్నమ్మ కోడలి ముఖంలోకి కాసేపు చూసింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ పిల్ల ఏదైనా అడగడం ఇదే మొదటిసారని తర్వాత నాకు చెప్పింది. "కోయప్పా మునిరత్నం," అని లోపలికి వెళ్లిపోయింది.

ఈసారి సీసా మూత ముందే తీసి పెట్టుకున్నాను. కుక్కను యోహాను గారు స్వయంగా పట్టుకుని నిలబడ్డారు. మునిరత్నం పేగును రెండు చేతులా సాగదీసి పట్టుకున్నాడు. నేను బ్లేడుతో క్లోమం వేరు చేసి, శెనగగింజలంత ముక్కలు కోసి ద్రావణంలో వేశాను. ఏడు నిమిషాలు పట్టింది. సీసాను తామరమొగ్గల మధ్య ఐసులో దించాను. 

భోజనాలకు రెండు వరుసలు వేశారు. ఒక వరుసకు బిర్యానీ, ఇంకో వరుసకు పప్పు, చారు, వంకాయ కూర. మునిరత్నం బావి దగ్గర స్నానం చేసి, తాజాగా నామం పెట్టుకుని వచ్చి పప్పు వరుసలో కూర్చున్నాడు. తాను కోసిన మాంసం ఎలా ఉందని బిర్యానీ వరుసను అడిగాడు. బాగా ఉందన్నారు. సంతోషించాడు.

మళ్లీ తిరుపతి, చీకటి గది

సోమవారం రంగాచారి గారు ముక్కలను గడ్డకట్టించి పొరలు కోశారు. పెట్టెలో తామరమొగ్గలు చూసి, "అమ్మవారి పూలు మేడం, పారేయకూడదు," అని మిషను పైన ఒక బీకరులో పెట్టారు. నేను పొరల మీద ఆంటీబాడీ చుక్కలు వేసి, తెల్లవారేదాకా అతుక్కోనిచ్చాను. ఇంక దాని దయ.

మంగళవారం సరిగ్గా మూడు గంటలకు మైక్రోస్కోపు గదిలో దీపాలు ఆర్పారు. మొదటి స్లైడు పెట్టాను. చీకటి. అటూ ఇటూ జరిపాను. చీకటే. రెండోది పెట్టాను. చీకటి. రైల్లో ఐసు కరిగిపోయి ఉంటుంది. ఆంటీబాడీ పాడై ఉంటుంది. మొగుడికి ఫోను చేసి ఏం చెప్పాలో, ఏ వాక్యంతో మొదలుపెట్టాలో కూడా ఆలోచించుకున్నాను.

"మేడం," అన్నారు రంగాచారి గారు మెల్లగా, "ఈ రెండిటి మీదా 'ఆంటీబాడీ లేదు' అని మీరే రాసి ఉండారు."

పోల్చి చూడడానికి అవి నేనే అలా వదిలినవి. భయంలో మరిచిపోయాను.

మూడో స్లైడు పెట్టాను. నల్లటి పొలంలో పచ్చటి గుంపులు. ఒకటి, మూడు, ఏడు. చుట్టూ అరిగించే రసాలు చేసే కణాలు చీకట్లో ఉన్నాయి. హార్మోన్లు చేసేవి మాత్రం గుంపుగా, స్పష్టంగా వెలుగుతున్నాయి. ఏడ్చేశాను. రంగాచారి గారు నేను ఆపేదాకా గోడ వైపు తిరిగి నిలబడ్డారు. తర్వాత ఇద్దరం కలిసి నలభై దాకా ఫొటోలు తీశాం. నా పీహెచ్‌డీ ఆ గంటన్నరలో గట్టెక్కింది.

అయిదున్నరకు కరుణ ఆసుపత్రి ఫైలుతో వచ్చింది. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చింది. తెర ముందు కూర్చోబెట్టాను.

"ఇవేనా?"

"ఇవే."

"ఇన్ని ఉండాయా గొర్రెకు?"

"ఇది ఒక్క పొరే. లోపల ఇంకా వేలల్లో ఉంటాయి."

ఆమె వేలు తెరకు తాకకుండా ఒక గుంపు చుట్టూ తిప్పింది. "తిన్న ఎంత సేపటికి వదుల్తాయి?"

"రెండు మూడు నిమిషాలకే. ఎంత కావాలో అంతే."

"ఎంత కావాలో వాటికి ఎవురు సెప్తారు?"

"చక్కెర, కాల్షియం, ఈ ప్రోటీను. అన్నీ కలిసి."

"నాకు మా అత్త సెప్తాది," అంది కరుణ. "నోటుబుక్కులో రాసి పెట్టింది. ఇడ్లీకి ఇంత, అన్నానికి ఇంత అని. రేతిరిపూట నా ముఖం తాకి సూసి పడుకుంటాది."

 ఏడేళ్లుగా ఆ కణం గురించి రాస్తున్నాను. దాని పని ఒక ముసలామె నోటుబుక్కు పెట్టుకుని చేస్తోందని నాకు తెలియదు.

రంగాచారి గారి భార్య మాకోసం పులిహోర డబ్బా పంపారు. కరుణకు బస్సు ఏడింటికి, తినే వెళ్లమన్నాం. ఆమె చేతిసంచిలోంచి నోటుబుక్కు తీసింది. పులిహోర పేజీ లేదు. అన్నం పేజీ చూసి, పెన్ను లాంటి సూదిని టిక్ టిక్ మని తిప్పి, అటు తిరిగి పొట్టలో పొడుచుకుంది.

"మందు ఎక్కేదాకా పదైదు నిమిషాలు ఆగాల అక్కా. మీరు తినండి."

మేము తినలేదు. రంగాచారి గారు డబ్బా మూత మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. ఆరు కొట్టింది, నా గడువు అయిపోయింది. ఒక్క నిమిషం ఎక్కువైనా ఒప్పుకోని మనిషి, మిషను ఆపలేదు. తెర మీద గొర్రె కణాలు పచ్చగా వెలుగుతూనే ఉన్నాయి. "రెండు మూడు నిమిషాల్లో" అని నేను ఎన్ని పేజీల్లో రాశానో లెక్కలేదు. ఆ గదిలో కూర్చుంటే పదిహేను నిమిషాలంటే చాలాసేపు. నాకు సిగ్గేసింది, దుఃఖం వచ్చింది, ఆకలి కూడా వేసింది. ఆ ఆకలిని ఆపుకోవడం నాకు ఒక్క పూట పని.

కరుణ తెర మీది నుంచి చూపు తిప్పకుండానే గడియారం ఉన్న చెయ్యి ఎత్తి చూసుకుంది.

"అయింది," అంది. "పెట్టండి."